కుడికి మాత్రమే తిరిగే జీపులో తాండూరు దాకా

వికారాబాద్ నుంచి తాండూరుకు రైలుంది. రైల్వేలో గ్యాంగు మేస్త్రీగా నడుము వంగేదాకా పనిచేసినవాణ్ణి కాబట్టి, ఆ పట్టాల కింది ప్రతి చెక్కతోనూ నాకు చుట్టరికం ఉంది. కిటికీ పక్కన కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ పోతే, పొట్లం ఖాళీ అయ్యేలోగా తాండూరులో దిగవచ్చు. మేము మాత్రం శనివారం బయలుదేరి సోమవారం చేరాం. దారిలో అడవులు దాటాం, పులుల్ని చూశాం, వరదల్ని ఈదాం.

పులుల మాట కొట్టేయండి. అడవి ఉన్నమాట నిజం. వరద మోకాలు దాటలేదు, అదీ నా మోకాలే. ఇకముందు కూడా ఎక్కడ నోరు జారితే అక్కడే దిద్దుకుంటాను, మీరు శ్రమపడి వెతకనక్కర్లేదు.

వికారాబాద్: పెద్ద చెప్పులు

మా అల్లుడు దానియేలు, పటాలం వాళ్లు హైదరాబాదులో వేలం వేసిన పాత జీపు ఒకటి కొన్నాడు. వానాకాలంలో బస్సు పోని ఊళ్లకు మనుషుల్ని చేరవేసి బతుకుదామని వాడి ఆశ. మొదటి వానకే అది మోమిన్‌పేట్ దారిలో దిగబడింది. ఎడ్లు కట్టి లాగారు. తర్వాత కోట్‌పల్లి దగ్గర దిగబడింది. మళ్లీ ఎడ్లే. మూడోసారి ఎక్కడికీ పోలేదు, మా వీధి మలుపులోనే కూర్చుండిపోయింది. ఆ రోజు నుంచి మా వాడలో దానికి 'ఎడ్ల జీపు' అని పేరు పడింది.

ఆ పేరు మా బిడ్డ రూతమ్మకు గుచ్చుకుంది. ఆమెకు కోపం వస్తే మొగుడితో నేరుగా మాట్లాడదు, నాతో చెప్పి పంపిస్తుంది, వాడు పక్కనే కూర్చుని ఉన్నా సరే. ఆ రోజు అన్నం వడ్డిస్తూ అంది, "నాయినా, ఈయనకు చెప్పు. ఇంకొక్కసారి దీన్ని గొడ్లు గుంజినయంటె అమ్మేసుడే. రెండు బర్రెలు కొంట. బర్రెకు పెట్రోలు పోసేది లేదు."

దానియేలు తల వంచుకుని సరేనన్నాడు. మాట ఇచ్చాక వెనక్కి పోయే మనిషి కాదు. వాడి జీపూ అంతే, రివర్సు గేరు ఏనాడూ పడేది కాదు.

సరిగ్గా అప్పుడే తాండూరు నుంచి ఒక రాళ్ల గని సేటు కబురు పంపాడు. వానాకాలమంతా గనికి కూలీలనూ సామాన్లనూ చేరవేసే బండి కావాలట. నల్లరేగడిలో వాళ్ల బండ్లు ఇరుసుదాకా దిగుతున్నాయట. సోమవారం పొద్దు గూకేలోగా జీపు గని దగ్గరికి వచ్చి చూపిస్తే పని మాదే, లేకపోతే ఇంకెవరినో చూసుకుంటానన్నాడు. అంటే మా అల్లుడికి అటు గని, ఇటు బర్రెలు.

జీపును ఖాజామియా అనే మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన దాని చుట్టూ తిరిగి, చక్రాన్ని కాలితో తన్ని, "చెప్పులు చిన్నయి సాబ్. బురదల నడవాలంటె పెద్ద చెప్పులు గావాలె," అన్నాడు. ఆయన కొట్టు వెనక పాత మిల్ట్రీ లారీవి నాలుగు చక్రాలున్నాయి. ఒక్కొక్కటి రాగి కాగులో నీళ్లు కాచుకునే పొయ్యంత వెడల్పు. అవి జీపు కింద పట్టలేదు. పట్టాలంటే జీపును లేపాలన్నాడు. కుదుపులు ఆపే లారీ కమాను పట్టీలు తెచ్చి జీపు కమాన్ల మీద దుప్పటి మీద దుప్పటిలా పేర్చి బిగించాడు. జీపు లేచింది. ఈసారి బోల్టుల బెజ్జాలు కలవలేదు. పాత చక్రాల నడిమి రేకులు కోసి కొత్త చక్రాలకు అతికించాడు.

అంతా అయ్యేసరికి జీపు ఏనుగంత ఎత్తయింది. ఏనుగంత కాదులెండి, దాని సీటు నా గడ్డం దాకా వచ్చింది. నేను పొట్టివాణ్ణని మీకు ఇంతకుముందు చెప్పలేదు.

స్టీరింగు తిప్పి చూస్తే కుడికి బ్రహ్మాండంగా తిరిగింది. ఎడమకు తిప్పితే టైరు మడ్‌గార్డును పట్టుకుని కీచుమంది. ఖాజామియా కాసేపు గడ్డం నిమురుకుని, ఎడమకు కొంచెమే తిరిగేలా ఒక ఇనుప ముక్క అడ్డం అతికించి చేతులు దులుపుకున్నాడు.

"ఇదేంది ఉస్తాద్? ఎడమకు తిరగకుంటె ఎట్ల?" అన్నాను.

"కుడికి తిరుక్కుంట దునియాల ఏడికైన పోవచ్చు సాబ్. జర దేర్ అయితది, గంతే."

గేరు పక్కన ఇంకో చిన్న లివరుంది. అదేమిటని దానియేలు అడిగితే, అది మిల్ట్రీ వాళ్లదనీ, యుద్ధం వస్తే తప్ప ముట్టుకోకూడదనీ గట్టిగా చెప్పాడు. మేమూ ముట్టుకోలేదు. ఆయనకూ తెలియదని మాకు తెలియదు.

దిష్టి తగలకుండా ఖాజామియా జీపు వెనక పాత చెప్పు కట్టాడు. పక్కింటి లక్ష్మమ్మ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. మా పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అంతమంది పెద్దల దీవెన ఉన్న బండి మా తాలూకాలో ఇంకోటి లేదు. ఒక్క నిమ్మకాయ మాత్రం నలగలేదు. ఆ టైరు గాడులు ఎంత పెద్దవంటే, అందులో ఇరుక్కుని ధారూరు దాకా మాతోనే వచ్చింది.

అనంతగిరి ఘాటు: మమ్మల్ని దాటిపోయినవాళ్లు

రూతమ్మ కూడా వస్తానంది. చూడకుండా తీర్పు చెప్పను అంది. ఆమెను ఎక్కించడానికి ఇంట్లోంచి పీట తెచ్చాం. నన్ను ఎక్కించడానికి పీట చాలలేదు, ఇద్దరు మనుషులు జొన్నల బస్తాలా ఎత్తి వెనక పడేశారు.

ఘాటు రోడ్డు మీద గంటకు అరవై మైళ్ల వేగంతో గాలిలా దూసుకుపోయాం. అలాగని మా వాడలో ఇప్పటికే చెప్పేశాను కాబట్టి ఇక్కడా రాస్తున్నాను. జరిగింది ఇది: చక్రాలు పెద్దవయ్యాయి, ఇంజను పాతదే. నిండు బస్తా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కే ముసలమ్మలా జీపు ఆయాసపడింది. కొండ మీద క్షయ రోగుల దవాఖాన ఉంది కదా, అక్కడివాళ్లు కొందరు మఫ్లర్లు చుట్టుకుని సాయంత్రం షికారుకు వచ్చారు. వాళ్లు మమ్మల్ని దాటిపోయారు. అందులో బక్కగా ఉన్న పెద్దమనిషి ఒకడు మా పక్కన కాసేపు నడిచి, జీపు వైపు జాలిగా చూసి, "దవాఖానకే తెస్తున్నరా? దీనికి గూడ దమ్ము రోగమున్నట్టుంది," అన్నాడు.

రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దానియేలు ముందుకే చూస్తూ నడిపాడు. దాటిపోయేటప్పుడు ఆ పెద్దమనిషి సీతాఫలం ఒకటి నా ఒళ్లో వేశాడు. ఇంకా పండలేదు. దారి పొడవునా దాన్ని నొక్కి చూసుకుంటూ కూర్చున్నాను.

ధారూరు: మనుషుల సెలవు

చీకటి పడేలోపు ధారూరులో మా చెల్లెలు ఎస్తేరు ఇంటికి చేరాం. పుంటికూర వేసిన మాంసం, ఉడుకుడుకు జొన్నరొట్టెలు పెట్టింది. మా ఇంట్లో రొట్టె అరచేతుల మధ్య కొడతారు. ఆమె పీట మీద కొడుతుంది. చప్పుడు రెండిళ్ల అవతలికి వినిపిస్తుంది, అందుకే చుట్టాలొచ్చారని అడక్కుండానే ఊరికి తెలిసిపోతుంది. నేను ఎనిమిది రొట్టెలు తిన్నాను. నాలుగు. నాలుగోది పూర్తి కాలేదు.

దానియేలు పొద్దున్నే బయలుదేరుదామన్నాడు. తెల్లారితే ఆదివారం. ఎస్తేరు రొట్టె కొట్టడం ఆపింది. "ఆదివారం నాడు దేవుడే పని బంద్ పెట్టిండు. నువ్వు ఆయనకంటె బిజీనా?" అంది. అంతే, ఆ ఆదివారమంతా ప్రార్థన, భోజనం, నిద్ర, మళ్లీ ప్రార్థన. అందుకే ప్రయాణం సోమవారానికి పడింది. సోమవారం ఎవరిదో మాకెవరికీ తోచలేదు.

తాండూరు బజారు: ఏ సినిమా?

ధారూరు దాటి పెద్దేముల్ మీదుగా పోతుంటే నేల రంగు మారింది. మా వికారాబాద్ ఎర్రమట్టి వానకు కాళ్లకు అంటితే కడిగేసుకోవచ్చు. ఇక్కడి నల్లరేగడి, అప్పుడే పెళ్లి కుదిర్చిన పెళ్లిళ్ల పేరయ్య లాంటిది, కడుపు నిండేదాకా కాలు వదలదు.

తాండూరులో అంతా రాయే. మాకు ఇంటిమీద పెంకులుంటే వాళ్లకు బండలు. మాకు చేను చుట్టూ ముళ్లకంప ఉంటే వాళ్లకు నిలువుగా పాతిన బండలు. హోటల్లో బల్ల బండ, కూర్చునే అరుగు బండ. తెచ్చిన బిస్కెట్టు కూడా దాదాపు అదే. చాయ్ మాత్రం బాగుంది. అణాలు పోయి పైసలొచ్చి ఇన్నేళ్లయినా ఆ హోటలాయన ఇంకా రెండణాలనే అడుగుతాడు, మా దగ్గరా అంతే.

గనికి పోయే దారి చౌరస్తా దగ్గర ఎడమకు ఉంది. మేము కుడికి తిరిగాం. ఒక సందు పట్టుకుని మళ్లీ కుడికి, మళ్లీ కుడికి. గని దారిలో పడాల్సింది పోయి సరిగ్గా ఆ హోటలు ముందుకే వచ్చాం. ఎక్కడో ఒక సందు ఎక్కువ లెక్కపెట్టాం. రెండోసారి తిరిగి వచ్చేసరికి జనం అరుగుల మీదికి చేరారు. మూడోసారికి హోటలాయన ఎదురొచ్చి, జీపు ఎత్తు చూసి, వెనక వేలాడే చెప్పు చూసి, నన్ను అడిగాడు, "ఏ సినిమా సాబ్? మైకు లేదా?"

రేపు మొదటి ఆట అని చెప్పాను. ఆయన చూడటానికి పోయి ఉంటే ఈ కాగితం ద్వారా క్షమించమని అడుగుతున్నాను.

శరణప్ప చేను: ఎడ్ల సెలవు

నాలుగో చుట్టులో సరైన సందు దొరికింది. ఊరు దాటాక దారి పొలాల్లో పడింది. దూరాన గని దిబ్బ తెల్లగా కనిపిస్తోంది, దాని మీద నల్ల గొడుగు ఒకటి. అదే సేటు. ఇంకా పొద్దుంది. దానియేలు మూడు రోజుల్లో మొదటిసారి ఈల వేశాడు.

అక్కడ బండ్లబాట ఒక కంది చేను చుట్టూ ఎడమకు గిరుక్కున తిరిగింది. మేము తిరగలేదు.

చేను నడిమికి పోయి ఆగాం. దానియేలు ఇంజను గట్టిగా తిప్పాడు. వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. చిన్న టైరు చిన్న గుంత తవ్వుతుంది, పెద్ద టైరు బావి తవ్వుతుంది. ఆ బావిలోంచి లేచిన బురదంతా నా మీదే పడింది. నా ధోవతి ఏ రంగుదో రూతమ్మ ఒక్కతే గుర్తుపట్టగలదు. ఇంజను ఆగిపోయింది. మళ్లీ మళ్లీ స్టార్టు నొక్కేసరికి బ్యాటరీ కూడా ఊపిరి వదిలింది.

చేను ఆసామి వచ్చాడు. నుదుట విభూతి, భుజాన తువ్వాలు. పేరు శరణప్ప అట. విరిగిన కంది మొక్కల వరసలు చూసి, మమ్మల్ని చూశాడు.

"బాట ఉండంగ చేన్లకెందుకు వచ్చిన్రప్పా?"

"ఎడమకు తిరగదన్నా," అన్నాడు దానియేలు నెమ్మదిగా.

శరణప్ప గట్టు వైపు చెయ్యి చూపించాడు. "మా ఎద్దు రెండు దిక్కుల తిరుగుతది," అన్నాడు.

చేను గట్టున వేపచెట్టు కింద ఆ ఎద్దులే పడుకుని ఉన్నాయి. ఒళ్లు కడిగి, కొమ్ములకు నూనె రాసి, నెమరేస్తూ మమ్మల్ని చూసీ చూడనట్టున్నాయి. నేను రూతమ్మ వైపు చూడకుండా, ఆ జతను ఒక్క నిమిషం ఇప్పించమన్నాను. ఆయన చేతులు జోడించి కన్నడంలో అన్నాడు,

"ఇవత్తు సోమవార, అజ్జా. ఎత్తు కట్టంగిల్ల."

సోమవారం బసవన్న రోజు. ఆ పక్క ఊళ్లలో ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. ఆదివారం మనుషులకు సెలవని మేము ఒక రోజు ఆగి వస్తే, వచ్చిన రోజు ఎడ్లకు సెలవు. నేను పట్టు వదలకుండా, మా అల్లుడు పెద్ద డాక్టరనీ, గనిలో ఒక మనిషి ప్రాణం పోయేలా ఉందనీ చెప్పాను. శరణప్ప కంగారుపడ్డాడు. "అయితె నడిచి పోండ్రి అజ్జా, జల్ది. అగో కనవడ్తుంది గని," అన్నాడు. అంత మంచివాడితో అబద్ధమాడినందుకు అక్కడే చెంపలేసుకుని నిజం చెప్పేశాను. ఆయన నవ్వలేదు, కానీ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

దానియేలు ముఖంలో బాధా, సంతోషమూ ఒకేసారి కనిపించాయి. ఎడ్లు రావు కాబట్టి మాట తప్పే పనిలేదు, జీపు తనదే. కానీ పడమట మబ్బు పడుతోంది. ఇంకో వాన పడితే ఆ జీపు అక్కడే పాతుకుపోతుంది.

అప్పుడే బాట మీద రెండు దున్నపోతులు కట్టిన ఖాళీ రాళ్లబండి తోలుకుంటూ ఒకాయన వచ్చాడు. నేను శరణప్ప వైపు చూశాను. ఆయన కాస్త ఆలోచించి, దున్నలు బసవన్న వంశం కాదనీ, వాటికి సోమవారం లేదనీ తీర్పు చెప్పాడు.

గట్టు మీద కూర్చుని పుల్లతో కాళ్ల బురద గీసుకుంటున్న రూతమ్మ తల ఎత్తకుండానే అంది, "నాయినా, ఈయనకు చెప్పు. దున్నలు గూడ గొడ్లే."

దానియేలు జీపు చుట్టూ ఒకసారి నడిచాడు. బానెట్ మీద బురద అరచేత్తో తుడిచాడు. విరిగిన కంది వరసల దగ్గర ఆగి నిలబడ్డాడు. తర్వాత నాతో అన్నాడు, "వానొస్తె ఈయన పంట ఇంక పాడైతది మామా. గుంజనీ. రేపు అమ్మేద్దాం."

రూతమ్మ పుల్లతో గీసుకోవడం ఆపింది.

సేటు గని: మూడు చుట్లు

బండి విప్పి, దున్నలకు జీపును మోకుతో కట్టారు. బండాయన దున్నల్ని తోలాలి, దానియేలు, శరణప్ప వెనక నుంచి నెట్టాలి. స్టీరింగు పట్టుకునే మనిషి కావాలి. నాకు కళ్లు సరిగా కనపడవని చెప్పి వెనక ఎక్కి కూర్చున్నాను. నా కళ్లు బాగానే ఉన్నాయి, ధైర్యమే మసకబారింది. ఇక మిగిలింది రూతమ్మ. ఎడమ కాలి పెడలు నొక్కి పట్టమనీ, తాను అరిచినప్పుడు వదలమనీ దానియేలు చెప్పాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని ఎక్కింది. పీట అడగలేదు.

దున్నలు మెడలు వంచాయి. జీపు చప్పరిస్తూ లేచింది. దానియేలు అరిచాడు. రూతమ్మ పెడలు వదిలింది. ఇంజను డప్పులా మోగి అందుకుంది. ఆ కుదుపుకు రూతమ్మ ముందుకు తూలి, చేతికి అందింది పట్టుకుంది. ఆ అందింది మిల్ట్రీ లివరు. అది కిందికి దిగింది.

ముందు చక్రాలకు కూడా ఇంజను బలం ఇచ్చే లివరు అదేనని తర్వాత గని లారీ డ్రైవరు చెప్పాడు. ఘాటు మీద దాన్ని దింపి ఉంటే రోగులు మమ్మల్ని దాటేవాళ్లు కాదట. ఆ క్షణాన మాకేం తెలుసు? నాలుగు పెద్ద టైర్లూ ఒకేసారి రేగడిని పట్టుకున్నాయి. మోకు వదులై కొక్కెం నుంచి జారిపోయింది. బండాయన దున్నల్ని పక్కకు లాగేలోగా వాటిని దాటేశాం. బురద మీద, బాట మీద, ఒక వాగు మీద, మళ్లీ బురద మీద మా బిడ్డ జీపు నడిపింది. వెనక ముగ్గురు మగాళ్లు పరుగెత్తుకుంటూ వస్తున్నారు.

నేను వెనక నిటారుగా కూర్చుని ఆమెకు దారి చెప్పాను. చెప్పలేదు. సీటు కింద బోర్లా పడుకుని, సీతాఫలాన్ని గుండెకు అదుముకుని, వచ్చిన కీర్తనలన్నీ కలిపి ఒకటే పాడాను.

గని ముందు మైదానమంతా బురదే, నడుమ బండల కుప్ప. అక్కడికి వచ్చేసరికి కుప్ప ఎదురుగా ఉంది. రూతమ్మ స్టీరింగు కుడికి తిప్పింది. కుప్ప చుట్టూ ఒక చుట్టు తిరిగాం. కూలీలు పనిముట్లు కింద పెట్టి బండల మీద కూర్చున్నారు. రెండో చుట్టులో తల ఎత్తి ఆమె ముఖం చూశాను. భయం లేదు. మూడో చుట్టుకు ఆమె నవ్వుతోంది. అప్పుడు వేగం తగ్గించి, సరిగ్గా సేటు గొడుగు ముందు తెచ్చి ఆపింది.

దానియేలు రొప్పుతూ వచ్చి చేరాడు. "నీకెట్ల వచ్చింది?" అన్నాడు.

"ఇన్నొద్దులు పక్కన కూసోని ఏం చూస్తున్ననుకున్నవ్?" అంది రూతమ్మ. మూడు రోజుల్లో మొగుడితో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

సేటు గొడుగు మూసి టైర్లను వంగి చూశాడు. దున్నలు లాగడం తాను దిబ్బ మీద నుంచి చూశానన్నాడు. పని పోయిందనుకున్నాను. "లాగినంక దున్నలకంటె ముందొచ్చింది గద," అన్నాడు. "నా బండ్లు ఒక్కసారి దాటని బురద ఇది. ఇది మూడుసార్లు తిరిగింది. రేపటి సంది పంపుండ్రి. గీ అమ్మనే నడపాలె."

దానియేలు ఇంకా మాట నిలబెట్టుకునే మనిషే. గొంతు సవరించుకుని, "మాటిచ్చిన సేటు. గొడ్లు గుంజినయి. దీన్ని అమ్మాలె," అన్నాడు.

రూతమ్మ స్టీరింగు మీది బురదను కొంగుతో తుడుస్తూ ఉంది.

"అమ్మేదెవలు? నేనింక దిగనే లేదు."

సేటు గుడిసె నుంచి జొన్నరొట్టెలు, తాండూరు కందిపప్పు, పచ్చి ఉల్లిగడ్డలు వచ్చాయి. ఆ పప్పు ఎంత కమ్మగా ఉందంటే దాని గురించి అబద్ధమాడే అవసరం నాకు రాలేదు. అందరం బండల మీద కూర్చున్నాం. రూతమ్మ రాలేదు. దానియేలు రెండు రొట్టెలు మడిచి, పప్పు గిన్నె పట్టుకుని పోయి, ఆమె పక్క సీటు మీద పెట్టాడు. ఆమె కుడి చేత్తో తింటోంది, ఎడమ చెయ్యి స్టీరింగు మీదే ఉంది. వాడు కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు.

తిని చేతులు కడుక్కుని నేను ఒక బండ మీద నుంచి జీపు వెనక ఎక్కి కూర్చున్నాను. దానియేలు చుట్టూ తిరిగి వచ్చి, పట్టీ పట్టుకుని కష్టపడి పైకెక్కాడు.

"జర జరుగు మామా," అన్నాడు.